కళ్ళకద్దుకున్న చీరలు

సూర్యకుమారి గారి కుట్టుగదిలోకి చెప్పులతో అడుగుపెట్టిన మనిషి నాకు తెలిసి ఒక్కడే. కరెంటు మీటరు చూడటానికి వచ్చాడు పాపం. ఆవిడ పెట్టిన కేకకి మెట్లు సగం దొర్లి సగం దిగి, మోటర్‌సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ నెల మా మీటరు ఎవరూ చూడలేదు.

"అమ్మోరి సీరలున్న గది ఇది లా. గుడి లెక్క. సెప్పులేసుకొని ఎలగొస్తాడు?" అని నన్ను నిలదీసింది, వాడిని నేనే పంపినట్టు. మాట చివర ఆ "లా" ఇక్కడివాళ్ళ అలవాటు.

మలేషియాలో సుంగై సిపుట్ అనే ఊళ్ళో, బజారు వెనక వీధిలో, మోటర్‌సైకిళ్ళు బాగుచేసే షాపు మీద ఉంది ఆ గది. కింద ఇంజన్ ఆయిల్ వాసన, పైన పట్టుచీరల వాసన. పదకొండు మంది ఆడవాళ్ళు అక్కడ పాతచీరలు కత్తిరించి సంచులు కుడతారు. వాళ్ళందరి ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ గది వల్లే. ఆ గది నిలబడింది సూర్యకుమారి గారి వల్ల.

ఆవిడ పుట్టింది రబ్బరు ఎస్టేటులో. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడంటారు, ఏ ఊరో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు. బళ్ళో తమిళం, బజారులో మలయ్, ఇంట్లో మాత్రం తెలుగు. ఎస్టేటు అమ్ముడుపోయి, కూలీల లైను ఇళ్ళు కూల్చేశాక ఊళ్ళోకి వచ్చారు. రబ్బరు గ్లవుజుల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి నిలబడి కాళ్ళ నరాలు ఉబ్బిపోయాక ఆ పని మానేసి, పక్కవీధి చైనా దర్జీ ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకుంది. "ఆ తల్లి నన్ను తిట్టని రోజు నేదు. అందుకే నా కుట్టు ఊడదు" అంటుంది. చేతికుట్టు వేస్తే జానెడుకొక ముడి వేయాలి, ఒకచోట దారం తెగినా మిగతాది నిలుస్తుంది. అది ఆ చైనా ఆవిడ నేర్పిన పద్ధతి. ఈ చుట్టుపక్కల మరెవరూ అలా వేయరు, అంత ఓపిక ఎవరికుంది?

నేను గుంటూరుదాన్ని, పేరు ఇంద్రజ. మా ఆయన ఉద్యోగం వల్ల ఈ పక్కనున్న ఇపో పట్నానికి వచ్చి పడ్డాను. నా తెలుగు వింటే సూర్యకుమారి గారికి నవ్వు. "రేడియోలో వార్తలు సదివినట్టు మాటాడతావు" అని గేలి చేస్తుంది. ఆవిడ తెలుగు నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది. కోపం మాత్రం ఇద్దరికీ సమానంగా ఉంది కాబట్టి మాకు బాగా కుదిరింది. ఆవిడకి పని వచ్చు, నాకు ఆ పని గురించి పెద్దపెద్ద మాటలు రాయడం వచ్చు. ఇద్దరం కలిస్తే అది సామాజిక సంస్థ అయింది.

పోర్ట్ క్లాంగ్‌లో పాతబట్టల కంపెనీ ఒకటుంది. బట్టలు సేకరించి, వేరుచేసి, కంటెయినర్లలో బయటి దేశాలకు పంపుతుంది. చీరలంటే వాళ్ళకి తలనొప్పి. చొక్కా అయితే ఎవరైనా తొడుక్కుంటారు, ఆరు గజాల గుడ్డని ఏం చేసుకుంటారు? అవన్నీ చెత్తదిబ్బకే పోయేవి. వాళ్ళు చీరలు మాకు పంపేలా, మేము కుట్టిన ఆఫీసు పౌచులు, లాప్‌టాప్ సంచులు వాళ్ళు తీసుకునేలా, మిగిలిన గుడ్డతో మా ఇష్టం వచ్చినవి కుట్టుకునేలా ఒప్పందం కుదిరింది. పారేసే వస్తువు మళ్ళీ వస్తువై తిరగడాన్ని వలయ ఆర్థిక వ్యవస్థ అంటారని, లాభం చూసుకునే కంపెనీ, మనుషుల్ని చూసుకునే సంస్థ ఇలా చేయి కలపడం ప్రపంచంలో కొత్త దారి అని నేను గదిలో అందరికీ ఒక గంట ఉపన్యాసమిచ్చాను. వీధుల్లో మైకు పెట్టి పాత పేపర్లు కొనే లారీవాడిని ఇక్కడ పేపర్ లామా అంటారు. "అంటే పేపర్ లామా వోడు సేసే పనే కదా లా" అంది సూర్యకుమారి గారు. నా గంట ఉపన్యాసం అక్కడితో ముగిసింది.

మొదటి మూట వచ్చిన రోజు నేను చిరుగులు పట్టిన నైలాను చీరలు చూస్తాననుకున్నాను. వచ్చినవి పట్టుచీరలు. కొన్నిటికి షాపు మడత కూడా పోలేదు. పట్టు పాడవుతుందని కంపెనీవాళ్ళు ఉతకలేదు, ఆవిరి పట్టించి పంపారు. మడతల్లో పసుపు మరకలు, కుంకుమ, ఎండిన మల్లెరేకులు. పన్నీరు, కర్పూరం కలిసిన వాసన. ఒకావిడ చీర ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది కోవిల్ వాసన" అంది. సూర్యకుమారి గారు రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది. "అమ్మోరికి కట్టిన సీరలివి. మొక్కుకున్నోల్లు ఇస్తే గుల్లో పోగుబడిపోనాయి" అంది. గదిలో అందరికీ అది పట్టపగలంత స్పష్టంగా కనిపించింది. నాకూ కనిపించింది. కొత్త చీర, పసుపు, కుంకుమ, కర్పూరం అంటే ఇంకేముంటుంది?

ఆ రోజు నుంచి గదికి మడి వచ్చింది. చెప్పులు కిందే. శుక్రవారం మూటకి హారతి. కత్తెర పెట్టే ముందు ప్రతి చీరనీ కళ్ళకద్దుకోవాలి. అద్దుకోనిది కాళియమ్మ ఒక్కతే. ఆమె అందరిలోకీ పెద్దది, డెబ్బై దగ్గర పడింది. తమిళావిడే, కానీ ఎస్టేటులో తెలుగువాళ్ళ పక్క గదిలో పెరిగింది కాబట్టి వాళ్ళ తెలుగే మాట్లాడుతుంది. ఇపోలో ఏదో ఆస్పత్రిలో తుడిచే పని ఉందని, పిలిచిన రోజు వెళ్ళి వస్తానని చెప్పేది. చీరని ఒళ్ళో వేసుకుని ఒక్కసారి నిమిరి పనిలో పడిపోయేది. ముసలావిడ పద్ధతి ముసలావిడది అని మేము వదిలేశాం.

కంపెనీ తరఫున మా పని చూసేది విఘ్నేశ్వరన్ అనే కుర్రాడు. అమ్మ తమిళం, నాన్నవైపు తెలుగు. చీరలు కళ్ళకద్దుకుంటున్న మా ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి ఫొటో తీశాడు. అది వాళ్ళ వార్షిక నివేదిక అట్టమీదకి ఎక్కింది. కింద ఏదో గౌరవం, ఏదో సుస్థిరత అని రాశారు. ఆ వాక్యం నేనే రాసిచ్చాను.

మిగిలిన గుడ్డతో ఏం కుట్టాలన్నది సూర్యకుమారి గారే తేల్చింది. అమ్మవారి చీర శుభానికే వాడాలి కాబట్టి పెళ్ళి తాంబూలం సంచులు. ప్లాస్టిక్ సంచుల బదులు జరీ అంచున్న పట్టు సంచిలో ఆకు, వక్క, కొబ్బరికాయ పెట్టి ఇస్తుంటే ఎవరికి చేదు? ఇపో, తైపింగ్, సిపుట్, ఎక్కడ పెళ్ళయినా మా సంచులే. "అమ్మోరి సల్లదనం ఇంటింటికీ ఎల్తన్నాది" అని ఆవిడ పొంగిపోయేది.

ఆవిడకి పిల్లలు లేరు. చెల్లెలు కన్నియమ్మ కూతురు తివ్య మీదే ప్రాణమంతా. పోయినేడు తివ్య పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి తల్లిగా కట్టుకోవడానికి కన్నియమ్మ, తివ్య కలిసి ఇపోలో ఆవపువ్వు రంగు పట్టుచీర కొన్నారు, ముదురు ఎరుపు అంచుది. ఫాల్ కుట్టమని అక్కకి ఇచ్చింది. సగం కుట్టేసరికి ఒక పొద్దున కబురొచ్చింది, కన్నియమ్మ స్నానాలగదిలో పడిపోయిందని. అక్క వెళ్ళేసరికి ప్రాణం లేదు. పుట్టింటి తరఫున కప్పడానికి ఇంకో చీర కోసం చూడకుండా, సూర్యకుమారి గారు ఆ సగం కుట్టిన చీరనే తీసుకెళ్ళి చెల్లెలి మీద కప్పింది.

పెళ్ళి ఏడాది వాయిదా పడింది. ఏడాదీ తిరిగింది. ఈసారి ఏ అపశకునం దరికి రాకుండా పెళ్ళి జరిగిపోవాలన్నది ఒక్కటే ఆవిడ కోరిక. ఎవరు తుమ్మినా ఉలిక్కిపడేది. "తల్లి నేని పిల్ల. ఈ పెల్లి సక్కగా జరిగిపోతే నాకింకేటీ వద్దు" అని నాతో ఎన్నిసార్లు అన్నదో. తివ్య పెళ్ళి సంచులన్నీ తన చేత్తోనే కత్తిరించింది. ఆదివారం పెళ్ళి. ఇంకొన్ని తక్కువ పడ్డాయి, కొత్త మూట రావాలి.

బుధవారం పొద్దున మూట వచ్చింది. మొదటి చీర ఆవిడే తీయాలి, అది గది ఆనవాయితీ. తాడు కోసి, చెయ్యి పెట్టి తీసింది. ఆవపువ్వు రంగు పట్టు, ముదురు ఎరుపు అంచు. కళ్ళకద్దుకుంది. దించబోయి ఆగిపోయింది. అంచు లోపల వేళ్ళు పెట్టి తడుముతోంది. నేను పక్కనే ఉన్నాను, ఆవిడ ముఖంలో రక్తం పోవడం చూశాను. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే నేలమీద కూలబడింది.

"ఇది కాలిపోనాది" అంది.

"ఏంటండీ?"

"కాలిపోన సీర ఇది. నా సెల్లి మీద నానే కప్పినాను. సెల్లి పెట్టితోటి కొలిమి గది లోపలికి ఎల్లిపోనాది. నాను సూసినాను, ఇంద్రజమ్మా. నా ఈ రెండు కల్లతో సూసినాను."

అలాంటి చీరలు ఎన్నో ఉంటాయండీ అన్నాను. ఆవిడ నా చెయ్యి లాగి నా వేలు ఫాల్ మీద పెట్టింది. జానెడుకొక ముడి. మళ్ళీ జానెడుకొక ముడి. సరిగ్గా సగం దాకా వచ్చి కుట్టు ఆగిపోయింది, మిగతా ఫాల్ ఊరికే వేలాడుతోంది. బూడిదైపోయిన చీర నా చేతుల్లో ఉంది. దయ్యాల్ని నమ్మని దాన్ని నేను, ఆ క్షణం మాత్రం చీరని కింద పడేశాను.

"అమ్మోరి గుడికి ఇది ఎలగెల్లినాది?" అని ఆవిడ గదిలో అందరి ముఖాలూ చూస్తోంది. ఒక్క మిషనూ ఆడటం లేదు.

విఘ్నేశ్వరన్‌కి ఫోన్ చేశాను. అందరూ వినేలా పెట్టాను.

"విఘ్నేశ్, మాకు పంపే చీరలు ఎక్కడివి?"

"ఎక్కడివి ఏంటి అక్కా, అంత్యక్రియలు చేసేవాళ్ళ దగ్గరివే కదా. ఇపో నుంచి కొన్ని, క్లాంగ్ నుంచి కొన్ని" అన్నాడు, కూరగాయలు ఎక్కడివంటే మార్కెట్టువి అన్నట్టు.

గదిలో ఎవరో కెవ్వుమన్నారు. వాడు చెప్పుకుపోయాడు. శ్మశానాల్లో ఇప్పుడన్నీ గ్యాసు కొలిములు. జరీ చీరలు అంతంత దొంతర వేసి పంపితే కొలిమి పాడవుతుందని పైన కప్పినవన్నీ తీసేస్తారు. ఇదివరకు చెత్తలారీలో పోయేవి. వాటిని కాపాడి మాకు పంపడమే తమ కంపెనీ గొప్ప అని కూడా అన్నాడు.

ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళలో ఆడది పోతే పుట్టింటివాళ్ళు, తోడికోడళ్ళు, వియ్యాలవాళ్ళు, ఇరుగుపొరుగు తలా ఒక కొత్త చీర తెచ్చి కప్పుతారు. పునిస్త్రీ అయితే పసుపు, కుంకుమ, పన్నీరు, పూలు. ముఖం తప్ప మనిషి కనపడనంత ఎత్తున చీరలు. అవన్నీ ఆవిడతోనే వెళ్ళిపోయాయనుకుని అందరూ ఇంటికొస్తారు. వెనక్కి తిరిగి చూడకూడదంటారు కదా, ఎవరూ తిరిగి చూడరు. చూడకపోబట్టే వెనక ఏం జరుగుతోందో మా పదకొండు ఇళ్ళలో ఒక్కరికీ తెలియదనుకున్నాను.

"మాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"మీకు తెలుసనుకున్నా అక్కా! తెలిసే కళ్ళకద్దుకుంటున్నారనుకున్నా. ఆ ఫొటో చూసి మా అమ్మ ఏడ్చింది. పోయినోళ్ళ గుడ్డలకి ఇంత మర్యాద ఎవరు చేస్తారు, వీళ్ళు దేవతలు రా అంది."

"మేము అమ్మవారి చీరలనుకున్నాం."

"గుడివని నేనెప్పుడూ అనలేదు అక్కా."

నిజమే, అనలేదు. మేమూ అడగలేదు. ఇంత ఒప్పందంలో చీర ఎక్కడికి పోతుందో పేజీల కొద్దీ ఉంది, ఎవరి ఒంటిమీద నుంచి వచ్చిందో అడగాలని ఇటువాళ్ళకీ తోచలేదు, అటువాళ్ళకీ తోచలేదు. దీనికి నేను పెట్టిన పేరు భాగస్వామ్యం.

"విఘ్నేశ్, మిగిలిన గుడ్డతో మేము పెళ్ళి తాంబూలం సంచులు కుట్టాం."

"మా చెల్లెలి పెళ్ళిలో పట్టు సంచులిచ్చారు. అవి మీవేనా?" అని అడిగాడు. అవునన్నాను. "కడవుళే" అని దేవుణ్ణి తలుచుకున్నాడు. ఫోన్ తెగిపోయింది.

గది అల్లకల్లోలమైంది. ఒకావిడ చేతులు తోముకుంటూనే ఉంది. ఒకావిడ తలమీద నీళ్ళు పోసుకోవాలని ఇంటికి పరిగెత్తింది. ఇంకొకావిడ తన కోడలి సీమంతానికి ఇచ్చిన సంచులు తలుచుకుని తల బాదుకుంది. సూర్యకుమారి గారు మాత్రం కదల్లేదు. గోడవారన పేర్చిన అట్టపెట్టెల వంక చూస్తోంది. వాటినిండా తివ్య పెళ్ళి సంచులు. ఏ నీడా పడకూడదని ఏడాదిగా కాపలా కాసిన మనిషి, శవాల మీది గుడ్డలతో తన చేత్తో తనే ఆ పిల్ల పెళ్ళి సంచులు కుట్టింది. నాకు ఆవిడ ముఖం చూడాలంటే భయం వేసింది.

సరిగ్గా అప్పుడే తివ్య మెట్లెక్కి వచ్చింది, సంచులు తీసుకెళ్దామని. ఇపోలో క్లినిక్‌లో పనిచేస్తుంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం మాత్రం తమిళమే.

సూర్యకుమారి గారు చీరని కాళ్ళ కిందకి లాక్కోబోయింది. లాభం లేకపోయింది. తల్లితో కలిసి షాపులో గంటలు గంటలు కూర్చుని ఎంచిన చీర ఆ పిల్లకి తెలియదా?

"పెరియమ్మా, ఇది అమ్మది" అంది పెద్దమ్మతో.

దాచడానికి ఏమీ మిగల్లేదు. సూర్యకుమారి గారు ఏడుస్తూ అంతా చెప్పింది. మూటలు, అమ్మవారు, కంపెనీ, సంచులు. "నీ పెల్లి నా సేతులారా నానే పాడుసేసినానమ్మా" అని పెట్టెల వైపు చూపించింది. పిల్ల పెట్టెలు తన్ని వెళ్ళిపోతుందనుకున్నాను. తివ్య పెట్టెల వైపు చూడనే లేదు. చీర చేతుల్లోకి తీసుకుని, తమిళంలో ఒక్క ప్రశ్న అడిగింది.

"దీన్ని మా అమ్మ ఒంటిమీద నుంచి ఎవరు తీశారు?"

మా అందరికీ అంతసేపూ చీరలే కనిపించాయి, శుభం, అశుభం కనిపించాయి. ఒక గదిలో ఒక మనిషి మీద నుంచి ఇంకో మనిషి వాటిని తీసి ఉంటారన్నది ఎవరికీ తట్టలేదు. "మగవాళ్ళా?" అని అడిగింది తివ్య.

వెనక వరసలో మిషను ముందు నుంచి కాళియమ్మ లేచింది.

"నానే తీసినాను తల్లీ."

నా చెవులు నేను నమ్మలేదు. రోజూ మాతో కలిసి అన్నం తిన్న మనిషి. సూర్యకుమారి గారు పాము కనిపించినట్టు వెనక్కి జరిగింది.

"ఆస్పత్రి పని అని సెప్పినాను. ఆస్పత్రి కాదు. ఆడోల్లు పోతే కడిగి, తుడిసి, సీర కట్టే పని నాది. కొలిమి కాడ తెర ఎనక పైనున్నయి తీసేదీ నానే. మొగోల్లని ముట్టనీను. నీ అమ్మనీ ఎవుల్నీ ముట్టనీనేదు."

"తెలిసుండి నాకు సెప్పనేదా?" సూర్యకుమారి గారి అరుపుకి కింద షాపులో మోటర్‌సైకిల్ శబ్దం కూడా ఆగింది. "నా పక్కనే కూకొని, నాను అమ్మోరు అమ్మోరు అంటంటే ఇంటా ఊరుకున్నావా? పెల్లిల్లకి ఎల్తంటే సూస్తా ఊరుకున్నావా?"

"మొదటి మూటకే తెలిసినాది. అందులో నాను మడతేసిన సీర ఉన్నాది." కాళియమ్మ గొంతు పెరగలేదు. "సెప్పేద్దారనే లేసినాను. మీరందరూ వరసగా కల్లకద్దుకుంటన్నారు. నా పని తెలిసినోల్లు నా సేతి నీల్లు తాగరు సూర్యా. నాను ముట్టిన గుడ్డ ఈదిలో పారేస్తారు. పుట్టి బుద్దెరిగినాక మొదటిసారి, నా సేతి మీదుగొచ్చిన గుడ్డకి మనుసులు దండం ఎడతన్నారు. ఎలగ సెప్పీది? నా నోరు రానేదు."

ఆమె మీద నాకు వచ్చిన కోపం ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. ఆ వాక్యం విన్నాక కోపం పెట్టుకోవడానికి చోటు మిగల్లేదు.

"ఈ సీర మాత్రం నాను మూటలో ఎయ్యనేదు" అంది కాళియమ్మ. "సూర్య కుట్టు నాకు తెలీదా? కొలిమి కాడ మా గదిలో బీరువా మీద దాసినాను. పిల్లకి ఇద్దారనుకున్నాను, ఎలగివ్వాలో తెలవక ఏడాది తిప్పినాను. మొన్న ఆ గదికి రంగులేసినపుడు అన్నీ దులిపి లారీకెత్తేసినారు."

తివ్య ఆమె ముందు నేలమీద కూర్చుంది. "అమ్మ ఏం కట్టుకుని వెళ్ళింది?" అని అడిగింది, ఈసారి తెలుగులో.

"ఇంట్లో కట్టుకునే నూలు సీర. నీలం గల్లది. లోన అదే ఉన్నాది, అది తియ్యనేదు. కొంగు సర్దినాను."

"మొహం?"

"నిద్దరోయినట్టున్నాదని అబద్దం సెప్పను. పోయినోల్లు పోయినట్టే ఉంటారు. కుంకం సెదిరిపోతే తుడిసి మల్లీ ఎట్టినాను."

తివ్య తల్లి చీరలో ముఖం దాచుకుని గట్టిగా ఏడ్చింది. పోయినేడు దహనం రోజున ఆ పిల్ల ఏడవలేదని, రాయిలా ఉందని బంధువులు చెవులు కొరుక్కున్నారట. ఏడుపు అయ్యాక లేచి, "పెరియమ్మా, ఈ సంచులు వద్దు. అమ్మ చీర ఇస్తే చాలు" అంది. వెళ్ళేటప్పుడు కాళియమ్మ వైపు తిరిగి, "పాట్టీ, పెళ్ళికి రావాలి" అని సొంత అమ్మమ్మని పిలిచినట్టు పిలిచింది. కాళియమ్మ తల ఊపింది.

పెళ్ళి ఆదివారం బాగానే జరిగింది. కొట్లో కొన్న కాగితం సంచుల్లో తాంబూలం ఇచ్చారు. ముందు వరసలో ఒక పెద్దావిడ ఆ కాగితం సంచి చూసి పెదవి విరిచి, ఆకూ వక్కా తీసి తన దగ్గరున్న పట్టు సంచిలో వేసుకుంది. అది మా సంచే, అంచు కూడా నాకు గుర్తే. సూర్యకుమారి గారు చూసింది, నేను చూశాను. ఇపోలో ఎవరింటికి వెళ్ళినా తలుపు వెనక మేకుకి మా సంచి వేలాడుతూనే ఉంటుంది. వాళ్ళకి చెప్పాలా వద్దా అన్నది మా గదిలో ఇంకా తేలలేదు.

విఘ్నేశ్వరన్ పోర్ట్ క్లాంగ్ నుంచి వచ్చి గదిలో నేలమీద కూర్చున్నాడు. ఏ ఇంటి చీరయినా ఆ ఇంటివాళ్ళని అడిగి, ఎక్కడికి పోతుందో చెప్పి, ఇస్తేనే తీసుకోవాలని సూర్యకుమారి గారు షరతు పెట్టింది. దుఃఖంలో ఉన్నవాళ్ళని ఎలా అడుగుతాం అక్కా అన్నాడు. "అడగనేకపోతే తియ్యకండి" అంది. కంపెనీ ఇంకా ఆలోచిస్తోంది. పదకొండు మందిలో సగం మందే పనికి వస్తున్నారు.

అయితే కాళియమ్మ పెళ్ళికి రాలేదు. గదికీ రాలేదు. పెళ్ళి మర్నాడు, సోమవారం పొద్దున సూర్యకుమారి గారు పెళ్ళి లడ్డూలు, తాంబూలం పట్టుకుని నా కారెక్కింది. ఊరి చివర చవక ఇళ్ళలో రెండో అంతస్తు. మమ్మల్ని చూసి కాళియమ్మ, పనిలోంచి తీసేశామని చెప్పడానికి వచ్చామనుకుంది.

"పెల్లికెందుకు రానేదు?" అంది సూర్యకుమారి గారు గుమ్మంలోంచే.

"శుబమైన సోట ఈ సేతులెందుకు?"

"ఆ సేతులే నా సెల్లి కొంగు సర్దినాయి." లోపలికి వెళ్ళి చాపమీద కూర్చుంది. కాసేపు లడ్డూ పొట్లం తాడు విప్పుతూ, ముడి వేస్తూ ఉంది. "నాను పోయినపుడు నువ్వే రావాల. ఇంకెవుల్నీ ముట్టనీకు" అంది.

కాళియమ్మ నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. "నాకెన్నేల్లో తెలుసునా నీకు? ముందెల్లీది నానే. నన్ను సూడ్డానికి ఎవులున్నారు సెప్పు. నాను పోతే ఆ తెర ఎనక మొగోల్లే మిగుల్తారు" అంది. నవ్వుతూనే అంది, కానీ చివరికొచ్చేసరికి నవ్వు లేదు.

సూర్యకుమారి గారు పొట్లం పక్కన పెట్టింది.

"అయితే నాకు నేర్పు."

"ఏటి?"

"ఎలగ తుడవాల, ఎలగ కట్టాల, అన్నీ నేర్పు. నిన్ను నాను సూసుకుంటాను."

నేను ఉలిక్కిపడి ఆవిడ వంక చూశాను. పరాచికం కాదు. కాళియమ్మ లేచి, వంటగదిలోకి వెళ్ళి చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, నన్ను చాపమీద పడుకోమంది.

గుంటూరులో మా అమ్మకి ఈ సంగతి ఇంతవరకు చెప్పలేదు. పడుకున్నాను. నేను చుడీదార్‌లో ఉన్నాను, చున్నీనే కొంగనుకోమంది. కాళియమ్మ నా తల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ముందు పేరెట్టి పిలవాల. ఇనరు, అయినా పిలవాల" అంది. సూర్యకుమారి గారు నా మీదకి వంగి, గొంతు సవరించుకుని, నన్ను పేరు పెట్టి పిలిచింది.